చేతిలో తాళాలు, ముఖంలో నవ్వు: కారైక్కాల్ అమ్మైయార్ కంచు విగ్రహం

చోళుల కంచు విగ్రహాలు అనగానే మనకి నటరాజస్వామి గుర్తొస్తాడు. ఈరోజు మాత్రం ఆయన పాదాల దగ్గర కూర్చునే ఒక భక్తురాలి గురించి తెలుసుకుందాం.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆవిడ విగ్రహం ఒకటి ఉంది. 13వ శతాబ్దం చివరిది. ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లు, అంటే జానెడు. బక్కచిక్కిన ఒళ్లు, పైకి తేలిన పక్కటెముకలు, చేతుల్లో తాళాలు. ముఖంలో మాత్రం నవ్వు. పార్వతీదేవిని అంత అందంగా మలచిన శిల్పులు ఈవిడని ఎందుకు ఇలా చేశారు?

ఎవరీవిడ?

63 మంది నాయనార్లలో ఒకరు, కారైక్కాల్ అమ్మైయార్. మన యానాం ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే కారైక్కాల్ కూడా ఉంది. ఆవిడ అసలు పేరు పునీతవతి, ఒక వర్తకుడి భార్య. 12వ శతాబ్దంలో సేక్కిళార్ రాసిన పెరియ పురాణం ఆవిడ కథ చెబుతుంది.

ఒకరోజు భర్త రెండు మామిడిపళ్లు ఇంటికి పంపాడు. ఆకలితో వచ్చిన శివభక్తుడికి ఆవిడ ఒకటి పెట్టేసింది. భోజనంలో భర్త రెండో పండు కూడా అడిగాడు. శివుణ్ణి తలుచుకోగానే చేతిలోకి పండు వచ్చింది! దాని రుచి చూసి, ఇదెక్కడిదని భర్త అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతనికి భయం పట్టుకుంది. ఓడెక్కి వెళ్లిపోయి, పాండ్య దేశంలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. కూతురికి ఈవిడ పేరే పెట్టుకున్నాడు. తర్వాత ఆవిడ ఎదురుపడితే, భార్యాబిడ్డలతో సహా కాళ్ల మీద పడ్డాడు.

అప్పుడు ఆవిడ శివుణ్ణి ఒకటే కోరింది. ఈ అందం ఇన్నాళ్లూ భర్త కోసం మోశాను, ఇక తీసేసుకో, నీ గణాల్లో ఒక పేయి రూపం ఇవ్వు అని. పేయి అంటే తమిళంలో భూతం.

విగ్రహం ఏం చెబుతోంది?

ఇలాంటి విగ్రహాన్ని ముందు మైనంతో చేస్తారు. దాని మీద మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. అంటే ఆ ఎముకల్ని శిల్పి ముందు మైనంలో ఒక్కొక్కటిగా, శ్రద్ధగా దిద్దాడన్నమాట. ఆయన దృష్టిలో అది పూజించదగ్గ రూపం.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా అర్థం చేసుకోండి. ఒంటిని ద్వేషించుకోమని, తిండి మానేయమని ఈ కథ చెప్పట్లేదు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టిన తల్లి కథ ఇది. ఫోటో పెట్టేముందు పది ఫిల్టర్లు మార్చే మనం ఆ నవ్వుని ఒకసారి చూడాలి. ఎవరికి నచ్చాలా అనే బెంగ అందులో కనపడదు.

కైలాసానికి ఆవిడ తలకిందులుగా నడిచి వెళ్తే, శివుడు “అమ్మా” అని పిలిచాడట. నీ నాట్యం చూస్తూ పాదాల కిందే ఉండాలి అని ఆవిడ అడిగింది. తిరుత్తణికి దగ్గర్లోని తిరువాలంగాడులో ఆ వరం దక్కిందని నమ్మకం. ఈసారి తిరుత్తణి వెళ్తే అక్కడికీ వెళ్లి రండి. ఏ మ్యూజియంలో నటరాజుని చూసినా, పాదాల దగ్గర తాళం వేస్తూ ఆవిడ ఉందేమో వెతకండి.

ఓం నమః శివాయ.