అయనావరణం – దామగుండం వీఎల్‌ఎఫ్ కేంద్రం

భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి అయనావరణం మొదలవుతుంది. అక్కడి వాయువులను సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు అయనీకరిస్తాయి. ఇందులోని డి, ఈ, ఎఫ్ పొరల్లో తికమక పెట్టేది అన్నిటికన్నా కింద ఉండే డి పొరే: పగలు హ్రస్వ తరంగాలను శోషిస్తుంది, రాత్రి దాదాపు కనుమరుగవుతుంది. 3–30 కిలోహెర్ట్జ్‌ల వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) తరంగాలు మాత్రం అయనావరణపు అడుగు అంచుకూ నేలకూ మధ్య పరావర్తనం చెందుతూ వేల కిలోమీటర్లు వెళ్తాయి. సముద్రపు నీటిలోకీ కొన్ని మీటర్ల లోతుకు చొచ్చుకుపోతాయి. అందుకే జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి వీటిని వాడతారు.

వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో ఇలాంటి నౌకాదళ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. సముద్రానికి ఇంత దూరంలో నౌకాదళ కేంద్రమా అనిపించవచ్చు. ఈ తరంగాలకు ఆ దూరం లెక్కలోది కాదు. దేశంలో మొదటి వీఎల్‌ఎఫ్ కేంద్రం తమిళనాడులోని తిరునల్వేలి వద్ద ఉన్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్.