పిల్లల పాఠము: సీతాకోకచిలుకను చూచి రంగులు వేయుట

(ఏడు మొదలు పన్నెండేండ్ల పిల్లలకు, మూడు ఆదివారముల పాఠము)

ఉద్దేశము: పిల్లలు ఒక చిన్న ప్రాణిని అది యున్న చోటనే ఓపికగా చూచుట, చూచినదానిని నీటి రంగులతో కాగితముమీద వేయ నేర్చుకొనుట.

ఉపాధ్యాయులకును తలిదండ్రులకును

సండే స్కూలు పిల్లలకు రంగులు వేయుట క్రొత్త కాదు. అచ్చువేసిన బొమ్మ నొకదానిని చేతికిచ్చి, గీత దాటకుండ రంగు నింపుమని చెప్పుదుము. పిల్లలు నింపుదురు. సీతాకోకచిలుక బొమ్మ యైనచో ఒక రెక్క ఎరుపు, ఒక రెక్క నీలము, ముఖమున నవ్వు. ఇరువదిమంది పిల్లలుంటే ఇరువది బొమ్మలును ఒక్క తీరుగానే యుండును. ఆ పిల్ల తన యింటి వెనుక జిల్లేడుమీద వ్రాలిన సీతాకోకచిలుకను ఒక్కసారియైన నిలిచి చూచెనా అని అడిగినచో, చూడలేదనియే చెప్పవలసి వచ్చును.

మత్తయి సువార్త 6వ అధ్యాయములో ప్రభువు పక్షులను, పొలములోని పువ్వులను చూపి బోధించెను. మనమును పిల్లలకు ముందు చూపి, తరువాత చెప్పుదము. సీతాకోకచిలుక అనగానే అది పునరుత్థానమునకు గురుతు అని చెప్పు అలవాటు మనకు కలదు. అది మంచి పోలికయే. గాని ఆకు తిను పురుగును, వ్రేలాడు గూటిని ఎన్నడును చూడని పిల్లకు ఆ పోలిక వట్టి మాటగానే మిగిలిపోవును. కాబట్టి ఈ మూడు వారములు పోలికను ప్రక్కన పెట్టి, సీతాకోకచిలుకనే చూతము.

ఏ సీతాకోకచిలుక?

మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో వానలు పడిన తరువాత, ఆగస్టు మొదలు నవంబరు వరకు సీతాకోకచిలుకలు ఎక్కువగా కనబడును. మే నెల సెలవులలో అవి తక్కువ. కాబట్టి ఈ పాఠమును వేసవి బైబిలు బడికి దాచుకొనక, వానకాలములోనే చేయుట మేలు.

మొదటిసారి కుంచె పట్టు పిల్లలకు ఒక్క జాతిని ఏర్పరచుకొనుడి. ఆంగ్లములో ప్లెయిన్ టైగర్ అను పేరుగలది ఇందుకు మిక్కిలి తగినది. దానికి మూడే రంగులు. రెక్కలు నారింజ రంగు. ముందు రెక్కల కొనలు నలుపు. ఆ నలుపులో తెల్లని మచ్చల పట్టీ. వెనుక రెక్కల అంచున సన్నని నల్లని కట్టు, అందులో చిన్న తెల్లచుక్కలు. వెనుక రెక్క నడుమ నల్లచుక్కలుండును. ఆడదానికి మూడు, మగదానికి నాలుగు. ఈ చుక్కలు లెక్కించుమని చెప్పినచో అల్లరి పిల్లవాడును కొంతసేపు కదలకుండ కూర్చుండును.

ఇది మెల్లగా ఎగురును గనుక పిల్లలు దీనిని బాగుగా చూడగలరు. ఎందుకు మెల్లగా ఎగురునో పిల్లలనే అడుగుడి. దీని పురుగు జిల్లేడు ఆకును తినును. ఆ ఆకులోని విషము పురుగునకు హాని చేయక దాని ఒంటిలో నిలిచి, రెక్కలు వచ్చిన తరువాత కూడ ఉండును. దీనిని ఒకసారి రుచి చూచిన పక్షి మరల ముట్టదు. ఆ నారింజ రంగే దానికి కావలి. అందుచేత దీనికి తొందర లేదు.

మొదటి ఆదివారము: చూచుట

ఈ దినమున రంగులు తీయవద్దు. ఆరాధన ముగిసిన తరువాత పిల్లలను జిల్లేడు చెట్లున్న చోటికి తీసికొని వెళ్లుడి. మన ఊళ్లలో బాట ప్రక్కన, బీడు పొలములో, చెరువు కట్టమీద జిల్లేడు దొరకని చోటు లేదు. ముందుగా ఒక హెచ్చరిక: జిల్లేడు పాలు కంట పడినచో కన్నునకు చాల హాని. ఆకులు తెంపనియ్యకుడి. తిరిగి వచ్చినప్పుడు అందరి చేతులును సబ్బుతో కడిగింపుడి.

ఆకు అడుగున గుండుసూది తలయంత తెల్లని గ్రుడ్డు ఒంటరిగా నుండును. పురుగు ఒంటిమీద నలుపు, తెలుపు చారలు, నడుమ పసుపు మచ్చలు. నల్లని మెత్తని కొమ్ములు మూడు జతలు. దాని గూడు ఆకుపచ్చగా గాని లేత గులాబి రంగుగా గాని తలక్రిందులుగా వ్రేలాడుచుండును. గ్రుడ్డు మొదలు రెక్కలవరకు మూడు నాలుగు వారములు పట్టును. ఎండ వేడిమినిబట్టి కొంచెము హెచ్చుతగ్గులుండును. కాబట్టి నేడు చూచిన చిన్న పురుగు మన పాఠము ముగియువరకు గూడు కట్టవచ్చును. ప్రతి ఆదివారము వెళ్లి చూడుడి.

సీతాకోకచిలుకను పట్టుకొననియ్యకుడి. దాని రెక్కలమీది రంగు వ్రేళ్లకు అంటు పొడివలె నుండును. ఆ పొడి నిజముగా ఇంటి పెంకులవలె వరుసగా పేర్చిన సన్నని పొలుసులు. అవి రాలినచో మరల రావు.

ఈ నాలుగు ప్రశ్నలకు పిల్లలు చూచి జవాబు చెప్పవలెను:
1. రెక్కలు ఎన్ని? (నాలుగు.)
2. అవి ఒంటిలో ఎక్కడ అతికి యున్నవి? (నడిమి భాగమునకు మాత్రమే. పొట్టకు కాదు.)
3. మీసముల కొన ఎట్లున్నది? (చిన్న గదవలె లావుగా నున్నది.)
4. ఎన్ని కాళ్లమీద నిలిచియున్నది? (నాలుగు. కాళ్లు ఆరే గాని, ఈ జాతికి ముందటి రెండు కురచయై ఒంటికి హత్తుకొని యుండును.)

ఒక పూర్వ కథ

చూచి గీయుట ఎంత గొప్ప పనియో పిల్లలకు తెలుపుటకు ఈ కథ చెప్పుడి. 1647లో జర్మనీ దేశములో ఫ్రాంక్‌ఫర్టు పట్టణమున మరియ సిబిల్లా మేరియన్ అను ఆమె పుట్టెను. ఆమె సవతి తండ్రి పువ్వుల చిత్రములు వేయువాడు. ఆయన యొద్ద ఆమె కుంచె పట్ట నేర్చెను. పదమూడేండ్ల వయస్సున పట్టుపురుగులను పెంచి, అవి మారు విధము చూడ మొదలుపెట్టెను. పురుగులు బురదలోనుండి తమంతట తామే పుట్టునని అనేకులు నమ్మిన కాలమది. ఆమె ప్రతి పురుగును దాని గ్రుడ్డు, గూడు, రెక్కలతోను, అది తిను మొక్కతోను కలిపి ఒకే కాగితముమీద చిత్రించెను. 1699లో, తన 52వ ఏట, కుమార్తెను వెంటబెట్టుకొని ఓడ ఎక్కి దక్షిణ అమెరికాలోని సూరినామునకు వెళ్లి, 1701 వరకు అక్కడి అడవులలో పని చేసెను. 1705లో 60 చిత్రపటములతో గ్రంథము వెలువరించెను. సీతాకోకచిలుకను దాని చెట్టునుండి విడదీయకుండ చిత్రించుట ఆమె అలవాటు. మన పిల్లలును జిల్లేడును విడిచి సీతాకోకచిలుకను వేయకూడదు.

కావలసిన సామగ్రి

పండ్రెండు బిళ్లల నీటి రంగుల పెట్టె ఒకటి నలుగురు పిల్లలకు చాలును. గుండ్రని కుంచెలు రెండు: ఒకటి 6 నంబరు, ఒకటి 2 నంబరు. మందమైన డ్రాయింగు కాగితము. నోటుపుస్తకపు కాగితము తడికి ముడుతలు పడును. నీళ్లకు రెండు గ్లాసులు: ఒకటి కుంచె కడుగుటకు, ఒకటి శుభ్రమైన నీరు. రంగు కలుపుటకు తెల్లని సాసరు. పాత గుడ్డ. మందిరములో కాలి మిగిలిన తెల్లని కొవ్వొత్తి ముక్క. పెట్టె లేని పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టక, ఉన్నవారితో కలుపుడి.

రెండవ ఆదివారము: గీయుట

కాగితమును నడిమికి మడిచి విప్పుడి. మడత వెంబడి మెత్తని పెన్సిలుతో సగము ఒళ్లు, ఒక ప్రక్క రెండు రెక్కలు, ఒక మీసము గీయవలెను. ముందు రెక్క ఇంచుమించు మూడు మూలల ఆకారము. వెనుక రెక్క గుండ్రన. గీత కొంచెము నల్లగా ఉండవలెను. మరల మడిచి, వెనుకనుండి చెంచా కడుపుతో గట్టిగా రుద్దినచో రెండవ ప్రక్కకు పెన్సిలు గుర్తు దిగును. దానిమీద సన్నగా గీసికొనవలెను. రెండు ప్రక్కలు సమముగా రాలేదను బెంగ పిల్లలకు ఉండదు.

ఏడేండ్లలోపు పిల్లలకు గీతలు వద్దు. మడిచిన కాగితమున ఒక ప్రక్క చిక్కని రంగు చుక్కలు పెట్టించి, మూసి నొక్కింపుడి. విప్పినప్పుడు రెండు రెక్కలు వచ్చును.

మూడవ ఆదివారము: రంగు వేయుట

మొదట పిల్లలకు ఒక మాట బాగుగా తెలియవలెను: నీటి రంగులలో తెలుపు అనగా కాగితమే. నల్లరంగు వేసిన తరువాత దానిమీద తెలుపు తేవలెనన్న పలుచని నీటి రంగుతో కాదు. కాబట్టి తెల్లగా ఉండవలసిన చోటులను మొదటినుండి కాపాడుకొనవలెను. లేత రంగు ముందు, ముదురు రంగు చివర.

1. కొవ్వొత్తి ముక్కను సన్నగా చెక్కి, ముందు రెక్క కొనలోని తెల్లమచ్చలమీద గట్టిగా రుద్దుడి. మైనము అంటిన చోట నీరు నిలువదు. తెలుపు తెలుపుగానే యుండును.

2. సాసరులో పసుపు రంగునకు నీరు కలిపి, కుంచె కొనతో ఎరుపు కొంచెము కొంచెముగా చేర్చుడి. ఎరుపు ముందు వేసి పసుపు కలిపినచో పెట్టెలోని పసుపు అంతయు అయిపోవును. నారింజ రంగు రాగానే పెద్ద కుంచెతో రెక్కలన్నిటికి ఒకసారి పూయుడి. పూసిన చోటనే మరల మరల రుద్దవద్దు, కాగితము లేచిపోవును.

3. ఇప్పుడు ఆరనియ్యవలెను. ఈ పాఠములో కష్టమైన భాగము ఇదే. తడి ఆరకముందే నలుపు వేసినచో అది నారింజలోనికి పాకిపోవును. కాగితమును నీడలో బల్లమీద ఉంచి, పిల్లలను మరల జిల్లేడు చెట్టు చూడ పంపుడి. తిరిగి వచ్చువరకు ఆరును. వ్రేలి వెనుకతో తాకి, చల్లగా నున్నచో ఇంకను తడి ఉన్నదని నేర్పుడి.

4. చిన్న కుంచెతో నలుపు: రెక్క కొనలు, అంచులు, ఒళ్లు, మీసములు, వెనుక రెక్క చుక్కలు. అంచులోను ఒంటిమీదను చిన్న తెల్లచుక్కలను రంగు పెట్టక విడిచిపెట్టవలెను.

5. చివర జిల్లేడు. దాని ఆకు ముదురు పచ్చ కాదు. బూడిద చల్లినట్టుండు లేత పచ్చ. ఆకుపచ్చలో చాల నీరు, కొంచెము నీలము కలిపినచో సరిపోవును. పువ్వు లేత ఊదా.

చిత్రము చెడినప్పుడు

నలుపు పాకిపోవును. పిల్ల ఏడ్చి కాగితము చింపబోవును. అప్పుడు ఉపాధ్యాయుడు చేయు పనిమీద ఈ పాఠమంతయు ఆధారపడియున్నది. మనలో పెద్దవారు చాలమంది వెంటనే కుంచె లాగికొని, ఇట్లు వేయవలెనని తామే దిద్దుదురు. బొమ్మ బాగుపడును గాని అది ఇక పిల్లది కాదు. మరల ఆ పిల్ల కుంచె పట్టుటకు వెనుకాడును. అట్లు చేయకుడి. పొడి గుడ్డతో అదిమి తడి ఎట్లు తీయవలెనో వేరొక కాగితముమీద చూపి, కుంచె పిల్ల చేతనే ఉండనియ్యుడి. మన ఊరి పిల్లలలో అనేకులు తాము చేసిన పని బాగున్నదని ఎవరి నోటను వినినవారు కారు. చుక్కలు సరిగా లెక్కపెట్టిన పిల్లతో, నీవు బాగుగా చూచితివి అని చెప్పుడి. మొదటి, రెండవ బహుమతులు పెట్టవద్దు. అన్ని చిత్రములను మందిరపు వసారాలో ఒకే త్రాటికి కట్టుడి.

రంగులు కూడు పెట్టునా అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. రాజమండ్రిలో దామెర్ల రామారావు అను బాలుని చేతిలోని పనిని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించెను. 1897లో పుట్టి 1925లోనే గతించిన ఆయన నీటి రంగుల చిత్రములు నేటికిని రాజమండ్రి చిత్రశాలలో ఉన్నవి. మన పిల్లలలో చిత్రకారుడు ఉన్నాడో లేడో మనకు ముందుగా తెలియదు. లేకపోయినను, నిదానముగా చూచు కన్ను పొలములో పురుగు పట్టిన ఆకును గుర్తుపట్టుటకును, కుట్టుపనికిని, చదువుకును పనికివచ్చును.

మరియొక సంగతి. మన ప్రాంతమున ద్రాక్షతోటలున్న భూములు అనేకము ప్లాట్లైనవి. కండ్లకోయ, శామీర్‌పేటల మీదుగా ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. 2016లో మేడ్చల్ పేరు జిల్లా పేరులోనికి ఎక్కినది. భూమి ధర పెరిగిన చోట జిల్లేడు పొద కలుపుగానే కనబడును. అది నరికినచో ఆ పొదమీది గ్రుడ్లు, పురుగులు దానితోనే పోవును. మందిరపు ఆవరణలో, ఆటలాడు చోటికి దూరముగా ఒక మూల, రెండు పొదలు ఉంచుకొనుట మన చేతిలోని పని.

సంఘములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన పిల్లలు చేసిన పనిని మనము దిద్దుటకు ముందు చూచుచున్నామా?
2. నీటి రంగులలో తెలుపును మొదటినుండి ఏల కాపాడవలెను?
3. జిల్లేడు లేనిచో ఈ సీతాకోకచిలుకకు ఏమి జరుగును?
4. మన మందిరపు ఆవరణలో ఏయే మొక్కలమీద సీతాకోకచిలుకలు గ్రుడ్లు పెట్టుచున్నవి? నిమ్మ, కరివేపాకు చెట్ల ఆకులు తిప్పి చూచి, వచ్చు ఆదివారము చెప్పుడి.