అక్షరములు లొంగని బాలుడు

బాలబాలికలారా! ప్రతి తరగతిలోను చురుకుగా చదువువారు కొందఱు, తడబడుచు చదువువారు కొందఱు ఉందురు. తడబడువానిని చూచి "మొద్దు" అనుట, "సోమరి" అనుట మనకు సులభము. అట్లు అనుటకు ముందు ఒక బాలుని వృత్తాంతము వినుడు.

ఇంగ్లండు దేశమున ససెక్స్ ప్రాంతములో సీఫర్డ్ అను సముద్రతీరపు ఊరు కలదు. 1896వ సంవత్సరమున అచ్చటి వైద్యుడగు ప్రింగిల్ మోర్గన్, పెర్సీ అను పదునాలుగేండ్ల బాలుని పరీక్షించెను. బాలుడు ఆరోగ్యవంతుడు, ఆటలలో దిట్ట, చూపునందు లోపము లేదు. ఏడవ యేటనుండి చదువు చెప్పించుచున్నను చిన్న చిన్న మాటలు తప్ప చదువలేకుండెను. తన పేరును వ్రాయుచు అక్షరములు తారుమారు చేసి "ప్రెసీ" అని వ్రాసెను. తప్పు కలదని పలుమాఱు చెప్పువఱకు దానిని కనుగొనలేకపోయెను.

కాని 749ని 867 చేత గుణింపుమనగా త్వరగా, తప్పులేకుండ గుణించెను. మీరును ఒకసారి ప్రయత్నించి చూడుడు! పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో అందఱికంటె తెలివైనవాడు ఇతడే యగునని అతని ఉపాధ్యాయుడు తలచెను.

మోర్గన్ ఈ సంగతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో ప్రకటించి, దీనిని పుట్టుకతో వచ్చిన "పదాంధత్వము"గా వర్ణించెను. నేడు దీనిని డిస్లెక్సియా అందురు. ఇది కంటిదోషము కాదు, బుద్ధిలోపము కాదు, సోమరితనము అసలే కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, ఆ యా ధ్వనులకు తగిన అక్షరములను జోడించుట ఇట్టివారికి మిక్కిలి కష్టము.

మఱి వీరికి చదువు రాదా? తప్పక వచ్చును, నేర్పు మార్గము మార్చవలెను. ఇరువదవ శతాబ్దిలో అమెరికా దేశమున శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడును, అన్నా గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయురాలును ఇందుకు పూనుకొనిరి. అక్షరమును కంటితో చూచుచు, నోటితో పలుకుచు, చెవితో వినుచు, చేతితో దిద్దుచు నేర్చుట వారి పద్ధతి. పూర్వము మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచు బిగ్గఱగా పలికెడి అలవాటు దీనిని తలపింపక మానదు.

మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొనెను. వానిలో ఇట్టి అభ్యసన వైకల్యములును కలవు. ఈ పిల్లలు తోటివారితో కలిసి ఒకే తరగతిలో చదువవలెననియు, పరీక్షలలో అదనపు కాలము, చెప్పినది వ్రాసిపెట్టు సహాయకుడు వంటి వసతులు కల్పింపవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. ఇది పక్షపాతమని కొందఱు గొణుగుదురు. చూపు మందగించినవానిని దీపమునకు దగ్గఱగా కూర్చుండనిచ్చుట పక్షపాతమగునా?

చట్టము వసతిని ఇయ్యగలదు. స్నేహమును ఇయ్యవలసినవారు మీరే. మీ ప్రక్కనున్నవాడు మ, య లకు భేదము తెలియక తడబడినపుడు నవ్వకుడు. ఆ నవ్వునకు వెఱచి అతడు మరల నోరు విప్పకపోవచ్చును. పాఠమును అతనికి చదివి వినిపింపుడు. మీకు రాని లెక్కను అతనిని అడిగి తెలిసికొనుడు. అక్షరము కొందఱికి ఆలస్యముగా లొంగును. అంతమాత్రమున వారు మనకంటె తక్కువవారు కారు.

ప్రశ్నలు

1. పెర్సీ మందబుద్ధి కాడని ఎట్లు తెలిసెను?
2. ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌ల పద్ధతిని వివరింపుడు.
3. చదువుటకు కష్టపడు సహపాఠికి మీరు ఏ విధముగా తోడ్పడగలరు?