సంతకం పెట్టే ముందు

బడికి పోయే పిల్లలున్న ఇంటికి కాగితాలు వస్తూనే ఉంటాయి. నులిపురుగుల మాత్ర వేస్తామని ఒక కాగితం. టీకా వేస్తామని ఒక కాగితం. పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోతామని ఇంకో కాగితం. ప్రతి కాగితం అడుగున ఒక గీత ఉంటుంది. గీత కింద 'తల్లి లేక తండ్రి సంతకం' అని ఉంటుంది.

చదువు రాని రోజుల్లో ఆ గీత మీద వేలిముద్ర పడేది. కాగితంలో ఏముందో తెలిసేది కాదు. చదువు వచ్చాక అక్కడ సంతకం పడుతుంది. కానీ పైన రాసింది చదవకుండా కింద సంతకం పెడితే ఏం లాభం? వేలిముద్రకూ సంతకానికీ తేడా ఏముంది?

ఇక్కడ ఒక కాగితం ఉంది. నిదానంగా చదవండి.

"మీ అమ్మాయి 9వ తరగతి చదువుతున్నది. వచ్చే శనివారం బడిలో ఎదిగే వయసు, ఆరోగ్యం, ఎయిడ్స్ నివారణ గురించి పాఠం చెబుతాము. మీకు సమ్మతమైతే కింద సంతకం చేసి పంపగలరు. – ప్రధానోపాధ్యాయులు"

సమ్మతి అంటే ఒప్పుకోవడం. విషయం తెలుసుకుని, ఇష్టపడి, 'సరే' అనడం.

ఇంట్లో మాట

ఈ కాగితం ఒక ఇంటికి వచ్చిందనుకుందాం. తల్లి కూడబలుక్కుని చదివింది. 'ఎయిడ్స్' అన్న మాట దగ్గర ఆగింది. పైకి గట్టిగా చదివి అందరికీ వినిపించింది.

అత్తకు కోపం వచ్చింది. "ఆ పాడు జబ్బు గురించి పిల్లకు చెప్పడమేంటి? మా రోజుల్లో మాకెవరు చెప్పారు? వద్దని రాసెయ్యి" అంది.

"రాయడం కూడా ఎందుకమ్మా? కాగితం పంపకపోతే సరి. వాళ్ళే ఊరుకుంటారు" అన్నాడు భర్త.

తల్లి కాగితం మడిచి గూట్లో పెట్టింది. "ఆ పాఠంలో ఏముందో మనకు తెలీదు. తెలీకుండా సరే అని ఎట్లా పెట్టేది? వద్దని మాత్రం ఎట్లా రాసేది? టీచరమ్మను అడుగుతా" అంది.

అడగాలన్న ఆలోచన వచ్చినప్పుడే చదువు పనికొచ్చినట్టు.

సంఘంలో మాట

ఆ నెల పొదుపు సంఘం మీటింగుకు టీచరమ్మను పిలిచారు. అత్త కూడా వచ్చి కూర్చుంది. డబ్బు లెక్కలు అయ్యాక కాగితం సంగతి ఎత్తారు.

"ముందు నేనొకటి అడుగుతా" అంది టీచరమ్మ. "పెద్దమనిషి అయిన రోజున, ఇది ఏమిటో తెలీక భయపడి ఏడ్చినవాళ్ళు మీలో ఎంతమంది?"

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది. దాని వెనక ఇంకొకటి. చివరికి దాదాపు అందరి చేతులూ లేచాయి.

"ఆ పిల్లలు మనలాగా ఏడవకూడదు. పాఠంలో మొదటి సంగతి అదే" అంది టీచరమ్మ. మిగిలిన సంగతులు కూడా చెప్పింది.

ఎదిగే వయసులో ఆడపిల్ల ఒంట్లో, మగపిల్లవాడి ఒంట్లో వచ్చే మార్పులు. నెలసరిలో శుభ్రత. రక్తం తగ్గకుండా తినాల్సిన తిండి. బిడ్డ ఎలా పుడుతుంది. చిన్న వయసు పెళ్ళి, చిన్న వయసు కాన్పు వల్ల వచ్చే ముప్పు. ఎవరైనా చెయ్యకూడని చోట చెయ్యి వేస్తే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి. తర్వాత హెచ్ఐవి, ఎయిడ్స్.

"ఇవన్నీ చెప్తే పిల్లలు చెడిపోరా?" అని అడిగింది అత్త.

"పిల్లలకు ఈ మాటలు ఎక్కడో ఒకచోట చెవిన పడతాయి పెద్దమ్మా. సెల్‌ఫోన్‌లో చూస్తారు. తోటివాళ్ళు చెప్తారు. అందులో సగం అబద్ధం. బడిలో అయితే నిజం చెప్తాం. వయసుకు తగినంతే చెప్తాం" అంది టీచరమ్మ.

అప్పుడు సంఘం లీడరు నోరు విప్పింది.

"పదిహేనేళ్ళ కిందట మన ఊళ్ళో ఆ జబ్బుతో ఒకాయన పోయాడు. పాడె మొయ్యడానికి నలుగురు రాలేదు. వాళ్ళ పిల్ల బడికొస్తే పక్కన ఎవరూ కూర్చోలేదు. మా పిల్లను దూరం జరగమన్నది నేనే. అంటుకుంటుందని భయం. ఆ పిల్ల బడి మానేసింది. అంటుకోదని అప్పుడు ఒక్కరు చెప్పినా బాగుండేది."

ఎవరూ బదులు చెప్పలేదు. అత్త చాలాసేపు తల వంచుకుని కూర్చుంది. తర్వాత అంది. "చెప్పండి తల్లీ. కానీ మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ ఒకేచోట కూర్చోబెట్టి అన్నీ చెప్పకండి. సిగ్గుతో మా పిల్ల ఏదీ అడగదు."

"మంచి మాట. నెలసరి లాంటివి ఆడపిల్లలకు విడిగా నేనే చెప్తా" అంది టీచరమ్మ.

సరే అనడం, వద్దు అనడం మాత్రమే సమ్మతి కాదు. 'ఇలా అయితే సరే' అనే హక్కు కూడా తల్లికి ఉంది.

ఎయిడ్స్ గురించి నాలుగు నిజాలు

హెచ్ఐవి అనేది ఒక వైరస్. కంటికి కనపడని క్రిమి. ఇది ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని మెల్లమెల్లగా తగ్గిస్తుంది. ఆ శక్తి బాగా తగ్గి రకరకాల జబ్బులు పట్టుకునే దశను ఎయిడ్స్ అంటారు. మన దేశంలో దీన్ని మొదటిసారి 1986లో మద్రాసులో కనుగొన్నారు.

ఒకటి. ఇది ఎలా వస్తుంది? హెచ్ఐవి ఉన్నవారితో కండోమ్ లేకుండా కలిస్తే వస్తుంది. ఆ వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే వస్తుంది. ఒకరికి వాడిన సూదిని ఇంకొకరికి వాడితే వస్తుంది. తల్లికి ఉంటే కడుపులో బిడ్డకు గానీ, కాన్పులో గానీ, చనుబాల ద్వారా గానీ రావచ్చు.

రెండు. ఇది ఎలా రాదు? పక్కన కూర్చుంటే రాదు. ఒకే కంచంలో తింటే రాదు. చెయ్యి పట్టుకుంటే రాదు. దోమ కుడితే రాదు. ఒకే బావిలో నీళ్ళు తోడుకుంటే రాదు.

మూడు. దీనికి మందు ఉందా? వైరస్‌ను పూర్తిగా పోగొట్టే మందు లేదు. దాన్ని అణిచిపెట్టే మందులు ఉన్నాయి. వాటిని ఏఆర్‌టి మందులు అంటారు. 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుంటే చాలా ఏళ్ళు ఆరోగ్యంగా బతకొచ్చు. గర్భిణి ముందే పరీక్ష చేయించుకుని మందులు వాడితే బిడ్డకు వైరస్ రాకుండా చాలావరకు కాపాడుకోవచ్చు.

నాలుగు. సందేహం ఉంటే ఎవరిని అడగాలి? 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు. పేరు చెప్పాల్సిన పని లేదు.

2023 లెక్క ప్రకారం మన దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్ఐవితో జీవిస్తున్నారు. ఎక్కువమంది ఉన్న రాష్ట్రాల్లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. అందుకే ఇది ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళ పాఠం కాదు.

సమ్మతి రెండు రకాలు

పాఠానికి తల్లిదండ్రుల సమ్మతి అడగడంలో రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటి పద్ధతి: ముందు సంతకం. ఇంటి నుంచి 'సరే' అని సంతకం వస్తేనే పిల్లను పాఠంలో కూర్చోబెడతారు. అమెరికాలో నెవాడా అనే రాష్ట్రంలో ఇలా ఉంది.

రెండో పద్ధతి: వద్దంటే రాసివ్వడం. పాఠం ఫలానా రోజు ఉందని ఇంటికి ముందే తెలుపుతారు. పాఠం అందరికీ చెప్తారు. వద్దనుకున్న తల్లిదండ్రులు రాసిస్తే వాళ్ళ బిడ్డను బయట ఉంచుతారు. అమెరికాలోనే కాలిఫోర్నియా రాష్ట్రంలో 2016 నుంచి ఉన్న చట్టం ఇలాంటిది. అక్కడ తల్లిదండ్రులు పాఠం పుస్తకాన్ని ముందే చూడొచ్చు.

మన దేశంలో ఏముంది? ఈ పాఠానికి తల్లిదండ్రుల సంతకం ఉండి తీరాలనే చట్టం దేశమంతటికీ లేదు. 2005లో కేంద్ర ప్రభుత్వం ఎదిగే వయసు పిల్లల కోసం బడుల్లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పుస్తకాల్లో బొమ్మలు, మాటలు బాగాలేవని చాలామంది గొడవ చేశారు. 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు ఆ పాఠాన్ని ఆపేశాయి. తర్వాత పుస్తకాలను మార్చి రాశారు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడి పిల్లల ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఇందులో ఒక భాగం. పాఠాల జాబితాలో హెచ్ఐవి నివారణ కూడా ఉంది.

2007లో గొడవ అంత పెద్దది ఎందుకైంది? కారణాలు చాలా ఉన్నాయి. పుస్తకంలో ఏముందో చాలామంది తల్లిదండ్రులకు ముందుగా తెలియకపోవడం కూడా అందులో ఒకటి. తెలియని చోట అనుమానం పెరుగుతుంది.

తిరిగి రాని కాగితం

ఒక లెక్క చేద్దాం. తరగతిలో 40 మంది పిల్లలు ఉన్నారనుకోండి. బడి 40 కాగితాలు పంపింది. 25 కాగితాలు సంతకంతో వచ్చాయి. 3 కాగితాల మీద 'వద్దు' అని ఉంది. మిగతా కాగితాలు ఏమయ్యాయి?

12 కాగితాలు తిరిగి రాలేదు. ఒకటి సంచిలో తడిసిపోయింది. ఒక పిల్ల తల్లీ తండ్రీ మిరపకోతలకు పోయారు. ఒక ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు చదువు రాదు. ఇంకో పిల్ల సిగ్గుపడి కాగితం ఇంట్లో చూపలేదు.

ఆ 12 ఇళ్ళవాళ్ళు వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. అసలు వాళ్ళకు సంగతే తెలీదు. కానీ ముందు సంతకం పద్ధతిలో ఆ 12 మంది పిల్లలూ బయటే ఉంటారు. మంచీచెడూ చెప్పే పెద్దలు దగ్గర లేని పిల్లలు వీళ్ళలోనే ఉన్నారు. పాఠం ఎక్కువ అవసరమైన పిల్లలకే అది అందకుండా పోతుంది.

అలాగని తల్లికి చెప్పకుండా పాఠం చెప్పడం కూడా సరికాదు. బిడ్డ ఇంటికొచ్చి ఒక ప్రశ్న వేస్తే తల్లి జవాబు చెప్పగలగాలి. అందుకే బడి కాగితం పంపి ఊరుకోకూడదు. తల్లుల్ని పిలిచి చెప్పాలి. తల్లులు కూడా వెళ్ళి అడగాలి. ఇద్దరూ కలిస్తే ఏ పిల్లా బయట ఉండిపోదు.

పాఠం వేరు, పరీక్ష వేరు

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఎయిడ్స్ గురించి పాఠం చెప్పడం వేరు. రక్తం తీసి పరీక్ష చేయడం వేరు. కాగితం దేనికో చూసుకోండి.

హెచ్ఐవి, ఎయిడ్స్ గురించి 2017లో ఒక చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. సమ్మతి లేకుండా ఎవరికీ హెచ్ఐవి పరీక్ష చేయకూడదని ఆ చట్టం మామూలు నియమంగా పెట్టింది. పిల్లలకైతే పెద్దల సమ్మతి కావాలి. బడిలో చేర్చుకోవడానికి హెచ్ఐవి పరీక్ష చేయించుకు రమ్మని అడగకూడదు. హెచ్ఐవి ఉందని బిడ్డను బడి నుంచి తీసేయకూడదు. వేరుగా కూర్చోబెట్టకూడదు.

బడిలో తల్లుల మాట

బడి సంగతుల్లో మాట్లాడే హక్కు తల్లులకు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి.

కమిటీలో గానీ, టీచరును గానీ ఇవి అడగండి:

పాఠం ఎవరు చెప్తారు? ఆ టీచరు శిక్షణ పొందారా?
పుస్తకం, బొమ్మలు మాకు ముందు చూపిస్తారా?
ఆడపిల్లలకు ఏవి విడిగా చెప్తారు?
పిల్లలు రహస్యంగా ప్రశ్న రాసి వేయడానికి పెట్టె ఉందా?
కాగితం తిరిగి రాని ఇళ్ళకు ఎవరు వెళ్తారు?

ఆలోచించండి – చెప్పండి

1. సమ్మతి అంటే ఏమిటి?
2. కాగితం పంపకపోతే సరిపోతుందని భర్త అన్నాడు. అది నిజంగా 'వద్దు' అని చెప్పినట్టేనా?
3. రెండు పద్ధతుల్లో మీ ఊరి బడికి ఏది మంచిది? ఎందుకు?
4. హెచ్ఐవి రాని దారులు మూడు చెప్పండి.
5. మీ వీధిలో చదువు రాని తల్లి ఉందా? ఆమె ఇంటికి ఇలాంటి కాగితం వస్తే మీరేం చేస్తారు?

కొత్త మాటలు

సమ్మతి – తెలుసుకుని ఒప్పుకోవడం
నివారణ – రాకుండా చూసుకోవడం
వైరస్ – కంటికి కనపడని క్రిమి
యాజమాన్య కమిటీ – బడి మంచిచెడ్డలు చూసే సంఘం

రాయండి

ఈ ఉత్తరంలో ఖాళీలు నింపండి. మీ మాటల్లో ఇంకో రెండు వాక్యాలు రాయండి. కింద సంతకం పెట్టండి.

"ప్రధానోపాధ్యాయులు గారికి,
మా బిడ్డ ........ తరగతి చదువుతున్నది. మీరు పంపిన కాగితం చదివాను. పాఠం చెప్పే ముందు తల్లులందరినీ ఒకసారి బడికి పిలవండి. పుస్తకం చూపించండి. నాకు ........ గురించి తెలుసుకోవాలని ఉంది. ........ రోజున నేను వస్తాను.
ఇట్లు,
........"