సింహాసనము కోల్పోయిన గోవిందుడు, శరణిచ్చిన వేములవాడ

చదువవలసిన భాగములు: రాజులు మొదటి గ్రంథము 12:1-19, ద్వితీయోపదేశకాండము 17:14-20, యెషయా 16:3, 4, సామెతలు 18:17.



వేములవాడ అనగానే మనకు జాతర జనమును, కోడె మొక్కులును జ్ఞప్తికి వచ్చును. అయితే వెయ్యి యేండ్లకు పూర్వము అది ఒక రాజధాని. అప్పుడు దాని పేరు లేంబులవాటకము. చాళుక్య వంశములోని ఒక శాఖవారు అక్కడ సామంతులై పాలించుచుండిరి. వారికి పై ప్రభువులు మాన్యఖేటమందలి రాష్ట్రకూట చక్రవర్తులు. మాన్యఖేటమనగా నేటి కర్ణాటకలోని మల్ఖేడు. ఆ చక్రవర్తులలో ఒకడు గద్దె నుండి త్రోయబడెను. ఆ కార్యమున వేములవాడ రాజుకు ముఖ్యమైన పాత్ర కలదు. అతని చరిత్ర మనము నేర్చుకొనదగిన పాఠము.

1. రాజైన విధము

ఇతడు నాలుగవ గోవిందుడు. ఇతని తండ్రి మూడవ ఇంద్రుడు ఉత్తరదేశమున కనౌజు వరకు దండెత్తిపోయిన శూరుడు. తండ్రి తరువాత అన్నయైన రెండవ అమోఘవర్షుడు పట్టమెక్కి, కొలది కాలములోనే గతించెను. అంతట తమ్ముడు రాజాయెను. 930వ సంవత్సరమున వేయించిన ఖంబాతు తామ్రశాసనములో గోవిందుడు, తనకు శక్తియున్నను అన్నయెడల క్రూరముగా ప్రవర్తింపలేదని చెప్పించుకొనెను. ఎవరును వేలెత్తి చూపకయే ఇట్టి మాటను రాగిరేకు మీద ఎవరు చెక్కింతురు? జనుల నోట ఏదో గుసగుస ఉండెననుట స్పష్టము.

అతని బిరుదు సువర్ణవర్షుడు, అనగా బంగారము వర్షించువాడు. అతడు విస్తారముగా గ్రామములను, బంగారమును దానము చేసెనని ఆ శాసనమే చెప్పుచున్నది. ఈవిగల చెయ్యి ఉన్నంత మాత్రమున ప్రజల హృదయము దక్కునా? ముందు చూడుడి.

2. శరణు వేడినవాడు

ఆ కాలమున వేములవాడను రెండవ అరికేసరి ఏలుచుండెను. అతని వంశమువారు రాష్ట్రకూటులతో వియ్యమందినవారు, వారి యుద్ధములలో పాలుపొందినవారు. విజయాదిత్యుడను ఒక చాళుక్యుడు గోవిందుని కోపమునకు గురియై, అరికేసరిని శరణు జొచ్చెను. చక్రవర్తి ఆగ్రహించినను అరికేసరి అతనిని విడువలేదు. ఈ సంగతిని వేములవాడ శాసనమును, అరికేసరి ఆస్థానకవియైన పంపడు 941లో ముగించిన విక్రమార్జున విజయమును చెప్పుచున్నవి.

సామంతుడు చక్రవర్తికి కాదనుట చిన్న సంగతి కాదు. ఊరు కాలిపోవచ్చును, గద్దె పోవచ్చును. అయినను వాకిట నిలిచిన మనుష్యుని అప్పగించుట అరికేసరికి అంతకంటె పెద్ద నష్టముగా తోచెను. తరిమివేయబడిన వారిని దాచవలెననియు, పారిపోయి వచ్చినవారిని పట్టియియ్యరాదనియు యెషయా ప్రవక్త మోయాబునుగూర్చి చెప్పిన భాగము ఇచ్చట ఆలోచింపదగినది.

3. పడిపోయిన విధము

గోవిందునికి వేంగిదేశమునను కలిసి రాలేదు. అతడు పంపిన సేనలను వేంగి రాజైన రెండవ చాళుక్య భీముడు 934 ప్రాంతమున ఓడించెను. ఇంటిలో అసంతృప్తి, వెలుపల ఓటమి. సామంతులు ఏకమై అతనిని విడిచి, అతని పినతండ్రియైన బద్దెగుని రాజుగా కోరుకొనిరి. ఇతడే మూడవ అమోఘవర్షుడు. గోవిందుని తొలగించి రాజ్యమును బద్దెగునికి ఇప్పించినది అరికేసరియేనని పంపడు వ్రాసెను. ఇది 936 ప్రాంతమున జరిగెను.

రెహబాము కథను దీనితో పోల్చి చూడుడి. కాడి తేలిక చేయుమని గోత్రములవారు అడిగినప్పుడు, అతడు పెద్దల ఆలోచన త్రోసివేసి కఠినముగా ఉత్తరమిచ్చెను. పది గోత్రములు పోయెను. రాజునకు బలము కోటలో లేదు. అతనిని నమ్మి నిలిచినవారిలో ఉన్నది.

4. రెండవ పక్షము

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా గమనింపవలెను. గోవిందుడు స్త్రీలోలుడనియు, దుర్మార్గమువలన అందరికి అసహ్యుడై నశించెననియు దేవళి, కర్హాడు శాసనములలో ఉన్నది. అవి వేయించినదెవరు? బద్దెగుని కుమారుడైన మూడవ కృష్ణుడు. పంపడో, అరికేసరి పోషించిన కవి. అనగా గద్దె దక్కినవారి మాటయే మనకు మిక్కుటముగా చేరినది. గద్దె పోయిన తరువాత గోవిందునికి రాగిరేకు లేదు, కవి లేడు. వారు చెప్పినది అబద్ధమని దీని భావము కాదు. మొదట మాటలాడినవాడు న్యాయవంతునిగా కనబడుననియు, ఎదుటివాడు వచ్చినప్పుడే సంగతి తేలుననియు సామెతలలో మనకు బోధ కలదు.

5. దూరదేశమున అదే కాలము

కాన్‌స్టాంటినోపులులో గ్రీకుల చక్రవర్తియైన మొదటి రోమనోసు, 919లో తానే పాలకుని అల్లునిగా చేసికొని అధికారమునకు వచ్చినవాడు, 944 డిసెంబరులో తన సొంత కుమారులచేతనే పదచ్యుతుడై ఒక ద్వీపమందలి మఠమునకు పంపబడెను. కొన్ని వారములకే, 945 జనవరిలో, ఆ కుమారులును పట్టుబడి అదే ద్వీపమునకు చేర్చబడిరి. తండ్రి 948లో సన్యాసిగానే మరణించెను. తండ్రికి త్రవ్విన గోతిలో కుమారులే పడిరి. మాన్యఖేటమైనను, గ్రీకుల నగరమైనను, అధికారమనునది చేతిలోని నీటివంటిది.

మనకు కలుగు పాఠము

మన గ్రామములలో రాజులు లేరు. అయితే శరణు వేడువారు నేటికిని ఉన్నారు. అత్తవారింట దెబ్బలు తిని రాత్రివేళ తలుపు తట్టిన ఆడబిడ్డ, అప్పులవాని భయమున పారిపోయి వచ్చిన కూలివాడు, ఊరి పెద్దల మాట మీరెనని వెలివేయబడిన కుటుంబము. వారిని పంపివేయుడి, లేనియెడల మీతోను మాటలుండవని బలవంతులు కబురు పెట్టినప్పుడే మన పరీక్ష. అట్లే, పెద్దరికమునుండి దింపబడిన మనుష్యుని గూర్చి ఊరంతయు ఒకే మాట చెప్పుచున్నప్పుడు, అతని నోటి మాటను కూడ ఒకసారి వినుట మనకు తగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గోవిందుడు, రెహబాము ఏ విషయములో ఒక్కటే? ఏ విషయములో వేరు?
2. అరికేసరి శరణాగతుని అప్పగించినయెడల అతనికి ఏమి మిగిలియుండును? ఏమి పోయియుండును?
3. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో రాజునకు నిషేధింపబడిన వాటిలో వేటిని గోవిందునిపై మోపిరి?
4. మన గ్రామములో ఒక పక్షపు మాట మాత్రమే విని తీర్పు తీర్చిన సంగతి ఏదైనను ఉన్నదా? రెండవవాని యొద్దకు ఎవరు వెళ్లుదురు?