కార్డు లేని కూలీలు



2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మీలో చాలామంది చిన్నపిల్లలు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికి చేరాను. అమ్మకు కూలి పని ఆగిపోయింది. అయినా పొయ్యి ఆరలేదు. తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు వచ్చాయి. ఆ కార్డు కూడా లేని కూలీల గతి ఏమిటన్న ప్రశ్న పీజీకి వచ్చేదాకా నాకు తట్టలేదు.

హైదరాబాద్ శివారు బాలాపూర్ ప్రాంతంలో వేలమంది రోహింగ్యా శరణార్థులున్నారు. వీరిది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం. 1982 పౌరసత్వ చట్టంతో సొంత దేశంలోనే పరాయివారయ్యారు. 2012 అల్లర్లు, 2017 సైనిక దాడుల తర్వాత లక్షలమంది దేశం విడిచారు. ఇక్కడికి చేరినవారికి దొరికేది చిత్తుకాగితాలు ఏరడం, భవన నిర్మాణంలో కూలి వంటి పనులే. ఏ రోజు కూలి ఆ రోజుకే. లాక్‌డౌన్‌లో అదీ పోయింది.

మరి సాయం? కేంద్రం ఇచ్చిన ఉచిత బియ్యానికి రేషన్ కార్డు ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు కూడా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి పనే. కానీ అది పొరుగు రాష్ట్రాలవారిని దృష్టిలో పెట్టుకున్నది. శరణార్థి ఏ రాష్ట్రం పేరు చెప్పాలి?

1951 శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. అప్పుడు అమల్లో ఉన్న 1946 విదేశీయుల చట్టంలో శరణార్థికి వేరే స్థానం లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే కార్డు మీద రేషన్ రాదు. పైగా రోహింగ్యాలను గుర్తించి వెనక్కి పంపాలని 2017 ఆగస్టులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అలాంటప్పుడు ఆకలైనా ఆఫీసు గడప ఎక్కి పేరు రాయించుకునే ధైర్యం ఎవరికుంటుంది?

గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు ఒకటి గమనించాలి. రాజ్యాంగం 19వ అధికరణంలో ఉన్న మాట 'పౌరులు'. 14, 21 అధికరణాల్లో ఉన్నది 'వ్యక్తి'. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ రెండు హక్కులు పౌరులు కానివారికీ ఉన్నాయంది. కానీ దేశం నుంచి పంపకుండా ఉండే హక్కు 19తో ముడిపడిందని, చట్టప్రకారం పంపవచ్చని చెప్పింది.

కార్డు అడగకుండా సాయం చేయడం కుదరదా? కుదురుతుంది. 2021 మేలో కేంద్రమే గుర్తింపు కార్డు లేనివారికీ టీకా వేయడానికి మార్గదర్శకాలిచ్చింది. వైరస్ కార్డు చూడదు కాబట్టి! అదే ఏడాది ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ మొదలైంది. అందులో పేరు నమోదుకు ఆధార్ తప్పనిసరి చేశారు.