కొట్టం దుమ్ము చెప్పిన పాఠం

మా అక్క బిడ్డ పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇంట్లో ఒకటే వాదన. "మట్టిలో ఆడితేనే ఒళ్లు గట్టిపడుతుంది" అని అమ్మమ్మ, "కింద దించొద్దు, జబ్బు చేస్తుంది" అని అక్క. ఎవరి మాట నిజం? దీనికి కొంత జవాబు అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో ఉంది.

అక్కడ ఆమిష్, హటరైట్ అనే రెండు రైతు సమూహాలున్నాయి. ఇద్దరి పూర్వీకులూ మధ్య ఐరోపా నుంచి వచ్చినవాళ్లే. జన్యువుల్లోనూ తిండిలోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా సేద్యంలోనే. ఆమిష్ వాళ్లకు ఇంటి దగ్గరే ఆవుల కొట్టం, పొలం పనికి గుర్రాలు. హటరైట్లది యంత్రాలతో చేసే పెద్ద ఉమ్మడి వ్యవసాయం. అంతకుముందు లెక్కల ప్రకారం ఆమిష్ బడిపిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం.

ఎందుకింత తేడా? 2016లో వెలువడిన పరిశోధనలో రెండు వైపులా 30 మంది చొప్పున పిల్లలను పరీక్షించారు. ఆమిష్ ఇళ్ల దుమ్ములో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువగా ఉంది. కొన్ని రకాల బాక్టీరియా పైపొరలో ఉండే పదార్థం ఇది. ఆ దుమ్ము సారాన్ని ఎలుకల ముక్కులో వేస్తే వాటికి ఉబ్బసం లక్షణాలు తగ్గాయి. హటరైట్ దుమ్ముతో ఆ రక్షణ కనబడలేదు.

నాకర్థమైనది ఇది. పసిబిడ్డ వ్యాధినిరోధక వ్యవస్థ అప్పుడే పలక పట్టిన పిల్ల లాంటిది. ఎవరు శత్రువో, ఎవరు కాదో మొదటి సంవత్సరాల్లో చాలావరకు నేర్చుకుంటుంది. హాని చేయని సూక్ష్మజీవులతో పరిచయం ఉంటే, తర్వాత పుప్పొడికీ దుమ్ముకీ అనవసరంగా ఉలిక్కిపడకుండా ఉండటం దానికి అలవడుతుంది.

అలాగని మురికి అంతా మంచిదని కాదు. కలుషితమైన నీళ్లతో విరేచనాలు పట్టుకుంటే పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. కట్టెలపొయ్యి పొగ, బీడీ పొగ, బండ్ల పొగ పిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి తప్ప ఏ పాఠమూ నేర్పవు. పైగా పాఠం నేర్పేది దుమ్మొక్కటే కాదు. ముర్రుపాలు బిడ్డకు రక్షణ ఇస్తాయి. టీకా అయితే జబ్బు చేయకుండానే ఆ జబ్బును గుర్తుపట్టడం నేర్పుతుంది.

కాబట్టి అమ్మమ్మ మాటలోనూ నిజముంది, అక్క భయంలోనూ నిజముంది. బిడ్డను నేలమీద ఆడనివ్వాలి, లేగదూడను ముట్టుకోనివ్వాలి. అన్నం పెట్టేముందు మాత్రం బిడ్డ చేతులూ మన చేతులూ సబ్బుతో కడగాలి. పొగ ఉన్నచోట బిడ్డను ఉంచకూడదు.